రెండో తల ఎవరిది?

కిందటి భాగంలో శంబూకుడి గురించి రాశాను. అది చదివిన విద్యార్థులు చాలామంది దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, ఇప్పుడు పాత కథలన్నీ సీత నోట, ద్రౌపది నోట, కుంతి నోట మళ్లీ రాస్తున్నరు. ఆడమనిషి మాట్లాడితే అది స్త్రీవాదమే కదా. ఇంక మన పేచీ ఏంది?"

పేచీ ఏం లేదు. ఒక అనుమానం ఉంది. అది పుస్తకం చదువుతుంటే రాలేదు, ఒక నాటకం చూస్తుంటే వచ్చింది.

పోయిన మార్చిలో ఒక యూనివర్సిటీవాళ్లు మహిళా దినోత్సవానికి మాట్లాడమని పిలిచారు. నాకంటే ముందు విద్యార్థుల నాటకం ఉంది. రేణుక కథ. మీలో చాలామందికి తెలిసిందే. జమదగ్ని ముని భార్య రేణుక. ఆమె పాతివ్రత్యం ఎంతటిదంటే, రోజూ ఏటి ఇసుకతో కుండ చేసి అందులోనే నీళ్లు తెస్తుంది. ఒకరోజు భార్యలతో జలకాలాడుతున్న ఒక రాజును చూసి మనసు చలిస్తుంది. ఆ రోజు కుండ నిలవదు. జమదగ్ని కనిపెడతాడు. తల్లి తల నరకమని కొడుకులకు చెప్తాడు. పెద్దవాళ్లు ఒప్పుకోరు, పరశురాముడు గొడ్డలి ఎత్తుతాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే తల్లిని బతికించమంటాడు.

మహాభారతం అరణ్యపర్వంలో కథ ఇంతే. కుండ కూడా అందులో లేదు. మిగిలింది మన ఊళ్ల కథ. ఊళ్ల కథలో రేణుక ప్రాణభయంతో ఉరికి వాడలోకి వస్తుంది. అక్కడ ఒక ఆడమనిషి ఆమెను కావలించుకుని కాపాడబోతుంది. గొడ్డలి ఇద్దరి మీదా పడుతుంది. బతికించే తొందరలో తలలు తారుమారవుతాయి. రేణుక తల, వాడ ఆడమనిషి ఒళ్లు కలిసి దేవత అయిందంటారు. ఆమె ఎల్లమ్మ. కొన్నిచోట్ల మారెమ్మ అంటారు. ఆ రెండో మనిషిని మాతంగి అంటారు.

నాటకం బాగా వేశారు. ఆ మాట ముందే చెప్పాలి. రేణుక వేసిన అమ్మాయి ముప్పావు గంట ఒక్కతే మాట్లాడింది. ఒక్క చూపుకు తల తీస్తారా అని మొగుణ్ని అడిగింది. నా కడుపున పుట్టినవాడి చేతికి గొడ్డలి ఎవరిచ్చారని అడిగింది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

నాటకం మధ్యలో రేణుక పరుగెత్తుకొస్తుంది. అటువైపు నుంచి ఇంకో అమ్మాయి వస్తుంది, ముఖానికి నల్లరంగు పూసి. ఇద్దరూ కావలించుకుంటారు. ఎర్రలైటు. ఇద్దరూ పడిపోతారు. మళ్లీ లైటు వెలిగేసరికి రేణుక లేచి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. రెండో అమ్మాయి లేవలేదు. నాటకం అయ్యేదాకా, ఓ ఇరవై నిమిషాలు, స్టేజీ మీద అట్లాగే పడి ఉంది. రేణుక ఆమె చుట్టూ తిరుగుతూ స్త్రీ విముక్తి గురించి మాట్లాడింది.

నిజం చెప్తున్నా, ఆ పిల్ల పడి ఉన్న సంగతి నేనూ మర్చిపోయాను.

తర్వాత చాయ్ దగ్గర ఆ అమ్మాయి నా పక్కకొచ్చింది. ముఖం మీది రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటోంది. ఫలానా వాడ, ఫలానా హాస్టల్ అని చెప్పింది. మన పిల్లే. "నేను రేణుక వేషమే అడిగిన అక్కా. నీ యాస రేణుకకు నప్పదన్నరు" అంది. ఫిర్యాదులా కూడా అనలేదు, మామూలుగా అంది. తర్వాత అడిగిన మాట మాత్రం నన్ను నిలబెట్టేసింది. "ఆమె లేసింది గదా అక్కా. నేనెందుకు లెవ్వలే? కథల నన్ను గూడ బతికించిన్రా?"

ఆ రోజు నేను ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. ఇది ఆ జవాబు. ఆలస్యమైంది చెల్లె.

మాది నిజామాబాద్ వైపు పల్లె. గౌండ్లోళ్లు ఎల్లమ్మ పండుగ చేస్తే బైండ్లోళ్లను పిలిచేవాళ్లు. పట్నం వేసి, జమిడిక వాయిస్తూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పేవాళ్లు. మేం కొంచెం దూరంగా కూర్చునేవాళ్లం. మా బాపమ్మ అక్కడ విన్న కథను కలుపుతీతల దగ్గర తన సొంతంగా మళ్లీ చెప్పేది. ఆమె చెప్పిన కథలో రేణుక ముందు ఊళ్లో ఇంటింటి తలుపు కొట్టింది. ఎవ్వరూ తియ్యలేదు. చివరికి మాదిగోళ్ల లంద దగ్గరికి వచ్చింది.

లంద అంటే తెలియని తమ్ముళ్లు చెల్లెళ్లకు చెప్తున్నా. పచ్చితోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టే తొట్టి అది. ఆ వాసనకు ఊరు ఊరంతా ముక్కు మూసుకుంటుంది.

"అంత పెద్దింటి మనిషి ఉరికొస్తే మనామె నీ కులమేంది అనలే, ఏం తప్పు చేసినవ్ అనలే. లందల దాసింది. పరశురాముడు లంద కాడికొచ్చి మైల అని ఆగిండు. గప్పుడు రేణుక కొంగు కనవడ్డది. గుంజిండు. మనామె అడ్డంవోయింది. ఒక్క దెబ్బకు రెండు తలలు" అనేది బాపమ్మ. ఆ తర్వాత కొడవలి కింద పెట్టి ఒక మాట అనేది. ప్రతిసారీ అనేది. "రేణుకకు మొగడున్నడు, కొడుకులున్నరు, బతికిచ్చుకున్నరు. గుడి గట్టిన్రు. మరి మనామె లంద కాడ పిల్లలను ఇడిసి అడ్డంవోయింది గదనే. ఆ పొద్దు ఆ పిల్లలకు బువ్వ ఎవలు పెట్టిన్రు?"

ఒకసారి బైండ్లాయననే అడిగిందట. "గది కథల లేదవ్వా" అన్నాడట ఆయన.

నాకు తెలిసినంతలో ఎల్లమ్మ కథ గురించి ఎవరైనా అడిగిన అతి పెద్ద స్త్రీవాద ప్రశ్న అదే. ఆమె రేణుకను తిట్టలేదు, తక్కువ చేయలేదు. రేణుక కోసం ఏడ్చేది కూడా. కానీ కథ రేణుక దగ్గర ఆగిపోతే ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వద్దాం. పాత కథల తిరగరాత అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఓల్గా గారి 'విముక్త'. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పుస్తకాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లలో నేను లేను. దాని బలం ఎక్కడుందో చూడండి. సీత మాట్లాడటంలో కాదు, సీత కలుసుకోవడంలో ఉంది. 'సమాగమం'లో శూర్పణఖను కలుస్తుంది. 'మృణ్మయనాదం'లో అహల్యను, 'సైకత కుంభం'లో రేణుకను. మగవాళ్ల కథలు ఒకరికొకరిని శత్రువులుగా, హెచ్చరికలుగా నిలబెట్టిన ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. సీత తన కష్టం ఒక్కటే చెప్పుకుంటూ పోయి ఉంటే అది ఇంకో సీత కథ అయ్యేది, అంతే. ముక్కుచెవులు కోయించుకున్నామె దగ్గరికి వెళ్లి సీత నేర్చుకుంది. అందుకే అది స్త్రీవాదం.

ఇంకోవైపు చూడండి. రంగనాయకమ్మ గారి 'రామాయణ విషవృక్షం'లో సీత నోట కథ చెప్పించడం ప్రధానం కాదు. మొత్తం కథ ఏ ధర్మం మీద నిలబడిందో ఆ ధర్మాన్నే నిలదీస్తుంది. అంబేద్కర్ 'హిందూమతంలో చిక్కుప్రశ్నలు' రాసేటప్పుడు ఏ ఆడపాత్రలోనూ దూరలేదు. గర్భిణి సీతను అడవిలో వదిలేసిన మనిషిని ఎట్లా పూజిస్తారని సూటిగా అడిగాడు. అదే చోట శంబూకుడి హత్యనూ అడిగాడు. ఆయన పోయిన ముప్పై ఏళ్లకు 1987లో ఆ పుస్తకం అచ్చయితే మహారాష్ట్రలో పెద్ద గొడవ జరిగింది. కాబట్టి ఆడపాత్ర నోట చెప్పించకపోయినా ప్రశ్న స్త్రీల వైపు నిలబడగలదు. చెప్పించినా నిలబడకపోవచ్చు.

నిలబడకపోవడం ఎట్లా ఉంటుందో లక్క ఇంటి దగ్గర చూడండి. పాండవులను కాల్చి చంపాలని దుర్యోధనుడు కట్టించిన ఇల్లు అది. ఆ రాత్రి కుంతి అన్నదానం చేస్తుంది. ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చి, తిని, తాగి, అక్కడే నిద్రపోతుంది. భీముడు ఇంటికి నిప్పు పెడతాడు. తల్లీకొడుకులు ఆరుగురు సొరంగంలోంచి తప్పించుకుంటారు. పొద్దున బూడిదలో ఆరు శవాలు దొరుకుతాయి. పాండవులు చచ్చిపోయారని లోకం నమ్ముతుంది. ఇది ఆదిపర్వంలో ఉన్నదే, మనం కల్పించింది కాదు.

ఇప్పుడు ఈ కథను కుంతి నోట చెప్పించండి. భర్త లేని ఆడది, ఐదుగురు పిల్లలను పెట్టుకుని, బావ కొడుకుల కుట్ర నుంచి బయటపడింది. ఎంత గొప్ప తల్లి! చదివేవాళ్ల కళ్లు చెమర్చుతాయి. ఒంటరి తల్లుల పోరాటానికి ఆమె గుర్తు అయిపోతుంది. అటు బూడిదలో ఇంకో తల్లి ఉంది. ఆమెకూ ఐదుగురే. కుంతి గొంతు ఎంత బాగా పలికితే ఆ తల్లి అంత లోతుకు పూడిపోతుంది. మహాశ్వేతాదేవి ఇది పట్టుకున్నారు. ఆమె కథలో యుద్ధాలన్నీ అయిపోయి అడవికి చేరిన ముసలి కుంతికి ఒక నిషాద స్త్రీ ఎదురవుతుంది. కుంతి తన జీవితమంతా తల్చుకుని కర్ణుడి విషయంలో పశ్చాత్తాపపడుతుంది. లక్క ఇంట్లో కాలిపోయిన ఆరుగురు మాత్రం ఆమెకు గుర్తే ఉండరు. తన పెద్ద పాపం ఏదో కూడా ఆమెకు తెలియదు. అక్కడ కుంతికీ గొంతుంది. కానీ కథ ఆ గొంతుకు లొంగలేదు.

ద్రౌపదీ అంతే. నిండు సభలో ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. నేను ఆ ప్రశ్న వెంట నిలబడతాను. స్వయంవరంలో కర్ణుణ్ని సూతుడని తిరస్కరించినట్టు కొన్ని ప్రతుల్లో ఉంది. పూనాలో తయారుచేసిన సంశోధిత ప్రతిలో ఆ మాట లేదు. కానీ తిరిగి రాసేవాళ్లు ఆ మాటను ఏం చేస్తారనేది నాకు ముఖ్యం. దాన్ని ఆత్మగౌరవంగా చూపిస్తే నా లెక్కలో ఆ పుస్తకం అక్కడే ఫెయిల్.

ఇప్పుడు మళ్లీ రేణుక కుండ దగ్గరికి. అంబేద్కర్ 1916లో, పాతికేళ్లు నిండిన వయసులో, కొలంబియాలో చదివిన వ్యాసంలో ఒక మాట తేల్చాడు. కులం నిలబడేది కులంలోపలి పెళ్లి మీద. ఆ పెళ్లి నిలబడేది ఆడవాళ్ల కట్టడి మీద. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడిలోంచే వచ్చాయి. ఆ చూపుతో చూస్తే ఇసుక కుండ పాతివ్రత్యం కుండ ఒక్కటే కాదు, కులం కుండ. అది పగిలితే తల తీయాల్సిందే.

అదే కుండ రెండో ఆడమనిషిని ఏం చేసింది? రేణుకకు పాతివ్రత్యం జైలు. మాతంగికి ఆ జైలు కూడా లేదు. ఆమె ఒళ్లు ఊరుమ్మడి. ఒకామె ఒక్క చూపు చూస్తే చావు. ఇంకొకామెను ఎవరు ఎట్లా చూసినా తప్పు కాదు. ఈ రెండూ ఒకే చట్టానికి రెండు కొసలు. రేణుక కొస ఒక్కటి పట్టుకుని లాగితే ముడి విడదు, ఇంకా బిగుసుకుంటుంది. రేణుక నిర్దోషి అని, ఆమె మనసు నిజానికి చలించలేదని నిరూపించే రచనలు చూడండి. అవి కుండను మళ్లీ అతికిస్తాయి. ఆమె పవిత్రురాలే కాబట్టి చంపడం అన్యాయం అంటాయి. పవిత్రురాలు కానామెను చంపొచ్చా మరి?

థర్‌స్టన్ 1909లో అచ్చేసిన దక్షిణ భారత కులాల పుస్తకంలో మాతంగి గురించి చాలా ఉంది. జాతర రోజు మాదిగ ఇంటి మాతంగి చేతిలో కర్రతో ఊరంతా తిరుగుతుంది. పెద్ద కులాలవాళ్లను తిడుతుంది, వాళ్ల మీద ఉమ్ముతుంది. వాళ్లు దాన్ని పుణ్యంగా తీసుకుంటారు. ఇది చూపించి "చూడండి, మీ ఆడవాళ్లకు ఎంత అధికారం" అనేవాళ్లున్నారు. ఒక్కరోజు అధికారం. తెల్లారితే ఆ ఉమ్మినామె బావి గట్టు ఎక్కగలదా?

ఇక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా ఎదుటివాళ్లను వేలెత్తి చూపడమే అవుతుంది. మనం అరుంధతి మా ఆడబిడ్డ అని గర్వంగా చెప్పుకుంటాం. పెండ్లిలో బాపనాయన చూపించే చుక్క మా మాదిగ పిల్లే అని సభల్లో అంటాం. నేనే ఎన్నోసార్లు అన్నాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఒకసారి మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం తెరిచాను. నీచ జాతిలో పుట్టిన అక్షమాల వశిష్ఠుణ్ని కట్టుకుని పూజ్యురాలైందని అక్కడ ఉంది. ఆ అక్షమాలే అరుంధతి అంటారు. ఆ మాట చెప్పింది ఆమెను మెచ్చుకోవడానికి కాదు. నది సముద్రంలో కలిసినట్టు ఆడది మొగుడి గుణాన్ని పొందుతుందనడానికి ఉదాహరణగా చెప్పాడు. అంటే మనం గర్వంగా చెప్పుకునే కథను మనువు ముందే వాడుకున్నాడు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ కాల్చిన పుస్తకం అది. మనం జెండా మార్చి పాత పతివ్రతనే నిలబెడుతున్నామా? అరుంధతికి లందలో పనిచేసిన చేతులుండేవి. వాళ్లమ్మ ఏమైంది? పెండ్లయ్యాక పుట్టింటికి రానిచ్చారా? మన కథల్లో కూడా ఇవి లేవు.

ఫూలే 'గులాంగిరి' 1873లో వచ్చింది. అందులో ఆయన పరశురాముడికి నోటీసు ఇస్తాడు. చిరంజీవివి కదా, రా, కనిపించు అంటాడు. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ నోటీసుకు ఇంకో లైను కలపాలని ఉంది నాకు. వచ్చేటప్పుడు రెండో తల లెక్క కూడా తీసుకురా అని.

ఎందుకంటే ఆ రెండో ఆడమనిషి కథలో చచ్చిపోయింది కానీ ఊళ్లో చావలేదు. మావైపు జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ, ఇంకోచోట బసివి. ఎల్లమ్మకో, పోచమ్మకో ఇచ్చామంటారు. ఆ తర్వాత ఊరి పెద్దలకు ఇచ్చేస్తారు. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం చేసినప్పుడు జోగిని, బసివి, మాతమ్మ, పార్వతి, త్యాయమ్మ అని పేర్లు వరసగా రాయాల్సి వచ్చింది. పురాణాల్లో ఒక్క మాట దొరకని ఆడవాళ్లకు చట్టంలో పేర్లు దొరికాయి. నిషేధించాల్సిన వాటి పట్టికలో.

మా బాపమ్మ చెల్లెలు జోగిని. ఇది ఇంతకుముందు నేనెక్కడా రాయలేదు. రాయడానికి మా ఇంట్లో అడిగాను, రాయమన్నారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. వాళ్ల నాన్న ఎవరో ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. బడిలో చేర్పించేటప్పుడు తండ్రి పేరు దగ్గర మాస్టారు కలం ఆపేశాడట. ఆమె తొందరగానే పోయింది. ఆ ఇద్దరినీ పెంచింది మా బాపమ్మ. తన పిల్లల పళ్లెంలోంచి తీసి వాళ్లకు పెట్టింది.

ఆ పొద్దు ఆ పిల్లలకు బువ్వ ఎవలు పెట్టిన్రు అని కలుపుతీతల్లో ప్రతిసారీ ఎందుకు అడిగేదో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. అది కథ గురించిన ప్రశ్న అనుకున్నాను. ఆమె తన చెల్లెలి గురించి అడుగుతోంది. జవాబు కూడా ఆమెకు తెలుసు. పెట్టింది ఆమే.

అందుకే మీరడిగిన దానికి నా జవాబు ఇది. పాత కథను ఆడపాత్ర నోట చెప్పించడం తలుపు తీయడం వరకే. తీసిన తలుపులోంచి ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు ఇంకా లంద దగ్గరే ఉన్నారు అని చూడాలి. రేణుక మాట్లాడాలి. తప్పకుండా మాట్లాడాలి. కానీ ఆమె ప్రాణానికి అడ్డంపోయిన మనిషిని కింద పడుకోబెట్టి మాట్లాడితే, అది పైకులాల ఆడవాళ్ల కష్టం కథ అవుతుంది. ఆ కష్టం నిజమే. దానికి స్త్రీలందరి పేరు పెట్టుకోవద్దు, అంతే.

అట్లాగని పురాణాలన్నీ మనకెందుకు, పారేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించను. పారేస్తే మా బాపమ్మ ప్రశ్న కూడా పోతుంది. ఆమెకు చదువు రాదు, ఆమె చెప్పిన కథ ఏ పుస్తకంలోనూ లేదు. ఇట్లాంటి కథలు మీ ఇళ్లల్లోనూ ఉంటాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. బైండ్లోళ్లు, చిందోళ్లు, డక్కలోళ్లు ఇంకా చెప్తున్నచోట కూర్చుని వినండి. విన్నాక కథలో లేనిది ఏందో మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడగండి.

చెల్లె, నువ్వు ఈ పోస్టు చదువుతావో లేదో తెలియదు. కథల నన్ను గూడ బతికించిన్రా అని అడిగినవ్. బతికించిండ్రు. ఒళ్లు ఒకచోట, తల ఒకచోట చేసి బతికించిండ్రు. మాట ఒక్కటి ఇయ్యలే. మళ్లా ఆ నాటకం వేసేటప్పుడు, లైటు వెలిగినప్పుడు, నువ్వు గూడ లెవ్వు. స్క్రిప్టుల లేదంటరు. లేకుంటే రాయి. నీ యాసలనే రాయి.

వచ్చే భాగంలో అరుంధతి తల్లి గురించి మా వాడ ఆడవాళ్లు చెప్పింది రాస్తాను.

జై భీమ్.